ప్రజారోగ్య పాఠాల్లో సార్వత్రిక విద్యా వనరులు: అపోహలు - వాస్తవాలు

అనంతపురంలో నర్సింగ్ విద్యార్థులకు, ఆశా కార్యకర్తలకు ప్రజారోగ్యం బోధించడం నా పని. ఓఈఆర్ అని పిలిచే సార్వత్రిక విద్యా వనరుల గురించి, అంటే ఎవరైనా ఉచితంగా వాడుకుని, మార్చుకుని, పంచుకునే అనుమతి ఉన్న పాఠాల గురించి, తోటి అధ్యాపకుల నోట కొన్ని మాటలు పదే పదే వింటుంటాను. వాటి వల్ల మంచి పాఠాలెన్నో మన తరగతి గదిదాకా రావడం లేదు. ఆ బాధతోనే ఇది రాస్తున్నాను.

అపోహ: ఇంటర్నెట్‌లో ఉచితంగా దొరికేదంతా సార్వత్రిక వనరే.

వాస్తవం: పైసా కట్టకుండా చదవగలగడం వేరు, మార్చుకుని అచ్చువేసి పంచే అనుమతి ఉండడం వేరు. 2002లో యునెస్కో సమావేశంలో ఓఈఆర్ అన్న పేరు పుట్టినప్పటి నుంచీ ఆ అనుమతే దీనికి ప్రాణం. అది ఉందో లేదో సాధారణంగా క్రియేటివ్ కామన్స్ లైసెన్సు, అంటే తన రచనను ఇతరులు ఎలా వాడుకోవచ్చో మూలకర్త ముందే చెప్పే అనుమతి గుర్తు, చెబుతుంది. ‘సీసీ బై’ అని మాత్రమే ఉంటే మూలకర్త పేరు చెప్పి ఏ మార్పయినా చేసుకోవచ్చు. పక్కన ‘ఎన్‌సీ’ ఉంటే వ్యాపారానికి వాడకూడదు. ‘ఎన్‌డీ’ ఉంటే మార్చినదాన్ని పంచకూడదు. తెలుగు అనువాదం కూడా మార్పు కిందికే వస్తుంది. ఏ లైసెన్సూ కనిపించకపోతే కాపీరైట్ ఉన్నట్టే లెక్క. ఉత్తరం రాసి అడగాల్సిందే.

అపోహ: పెద్ద సంస్థల పాఠంలో మనం వేలు పెట్టకూడదు; ఉన్నదున్నట్టు తెలుగు చేస్తే చాలు.

వాస్తవం: నేను అన్నిటికంటే గట్టిగా కాదనేది ఈ మాటనే. సురక్షితమైన నీటి గురించిన పాఠమే తీసుకోండి. ‘నీళ్లు మరగబెట్టి, చల్లార్చి తాగండి’ అని ఉంటుంది. కలరా, టైఫాయిడ్ విషయంలో అది సరైన సలహా. కానీ మా జిల్లాలో ఎన్నో ఊళ్ల బోరు నీళ్లలో ఫ్లోరైడ్ మోతాదుకు మించి ఉంది. మరగబెడితే ఫ్లోరైడ్ పోదు. ఆవిరై నీళ్లు తగ్గేకొద్దీ దాని గాఢత ఇంకా పెరుగుతుంది. ఆ వాక్యాన్ని అలాగే అనువదించి చేతిలో పెడితే ఆశా కార్యకర్త అదే మాట ఇంటింటికీ చెబుతుంది. ఫ్లోరైడ్ వల్ల పళ్ల మీద గోధుమరంగు చారలు వచ్చిన పిల్లల తల్లి, కాచిన నీళ్లే ఇస్తున్నాం కదా అని నిశ్చింతగా ఉండిపోతుంది.

అందుకే మా పాఠంలో ఒక పేజీ చేర్చాం. తాగునీటిలో ఫ్లోరైడ్ లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటకూడదు, బోరు నీళ్లను పరీక్ష చేయించాలి, తాగడానికే కాదు, వంటకూ రక్షిత పథకం నీళ్లే వాడాలి. ఈ పేజీ చేర్చే హక్కు మాకు లైసెన్సు ఇచ్చింది. ఇంత విలువైన హక్కును వాడుకోకపోతే ఎలా?

పోషకాహార పాఠమూ అంతే. ఓట్స్, బ్రోకలీ బొమ్మలు తీసి రాగి సంగటి, కొర్రన్నం, వేరుశెనగ, మునగాకు పెడితే గర్భిణికి తన వంటింట్లో ఉన్నవే కనిపిస్తాయి.

అపోహ: ఉచితం కాబట్టి నాణ్యత అంతంతమాత్రం.

వాస్తవం: అమెరికాలోని ఎంఐటీ విశ్వవిద్యాలయం తన పాఠాలను అందరికీ తెరుస్తున్నట్టు 2001లో ప్రకటించింది. జాన్స్ హాప్కిన్స్ ప్రజారోగ్య కళాశాల కూడా ఆ బాట పట్టింది. అనుమానించాల్సింది ధరను కాదు, తేదీని. ఓఆర్ఎస్ ద్రావణంలో సోడియంను లీటరుకు 90 మిల్లీమోల్స్ నుంచి 75కు తగ్గించి, ప్రపంచ ఆరోగ్య సంస్థ, యునిసెఫ్ 2002లో కొత్త సూత్రం ఇచ్చాయి. పాత అంకెలున్న పాఠం దొరికితే అదే బోధిస్తామా?

అపోహ: నెట్ అందని ఊళ్లకు ఇవి పనికిరావు.

వాస్తవం: ఒకసారి దించుకుంటే పెన్ డ్రైవ్‌లో తీసుకెళ్లవచ్చు, జిరాక్స్ తీసి పంచవచ్చు.

అపోహ: కింద మూలం పేరు వేస్తే పని అయిపోయినట్టే.

వాస్తవం: ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రచురణలు ఇప్పుడు ఎక్కువగా ‘సీసీ బై-ఎన్‌సీ-ఎస్ఏ’ లైసెన్సుతో వస్తున్నాయి. వాటిని అనువదిస్తే, ఈ అనువాదం ఆ సంస్థ చేసింది కాదని స్పష్టంగా రాయాలి. వాళ్ల చిహ్నం వాడకూడదు. లోపల ఇతరుల ఫోటోలుంటే వాటికి విడిగా అనుమతి తీసుకోవాలి. ‘ఎస్ఏ’ ఉంది కాబట్టి మనం తయారుచేసిన తెలుగు పాఠాన్నీ అదే లైసెన్సుతో ఇవ్వాలి. ‘ఎన్‌సీ’ ఉన్నవాటిని వికీపీడియా వాళ్ల ఉమ్మడి ఫైళ్ల భండారమైన వికీమీడియా కామన్స్ తీసుకోదు కాబట్టి కళాశాల వెబ్‌సైట్‌లో, మార్చుకోవడానికి వీలైన ఫైలుగా పెట్టండి. పీడీఎఫ్ ఒక్కటే పెడితే కడపలోనో కర్నూలులోనో ఇంకో అధ్యాపకురాలు మొదటి అక్షరం నుంచి మళ్లీ టైపు చేసుకోవాల్సి వస్తుంది.