కడుపులో బిడ్డకు వేరే రక్తం

ఎర్రకణాలు కొడవలిలా వంగిపోయే సికిల్ సెల్ జబ్బుతో పుట్టిన బిడ్డ మొదటి నెలల్లో హాయిగానే ఉంటుంది. పాలు తాగుతుంది, బొద్దుగా ఎదుగుతుంది. ఆరు నెలలు వచ్చేసరికి ఒక్కోసారి చేతులూ పాదాలూ వాచి, నొప్పితో గుక్కపట్టి ఏడుస్తుంది. అన్నాళ్లూ కాపాడింది కడుపులో ఉన్నప్పటి హీమోగ్లోబిన్, అంటే ఎర్రకణాల్లో ఆక్సిజన్‌ను మోసే ప్రోటీన్. న్యూయార్క్‌లో జానెట్ వాట్సన్ అనే డాక్టరమ్మ 1948లోనే ఈ సంగతి పసిగట్టారు.

పెద్దవాళ్ల హీమోగ్లోబిన్‌లో రెండు ఆల్ఫా, రెండు బీటా గొలుసులుంటాయి. సికిల్ సెల్‌లో చెడేది బీటా. కడుపులో బిడ్డకు బీటా బదులు గామా ఉంటుంది, అది తల్లి రక్తంలోని ఆక్సిజన్‌ను గట్టిగా లాక్కుంటుంది. పుట్టాక గామా జన్యువు ఎక్కడికీ పోదు. 11వ క్రోమోజోమ్ మీద బీటాకు దగ్గర్లోనే ఉంటుంది, కాకపోతే దాని నోరు నొక్కేస్తారు.

ఏ కణంలో ఏ జన్యువు పలకాలో, ఏది ఊరుకోవాలో చూసుకునే ప్రోటీన్లను ట్రాన్స్‌క్రిప్షన్ ఫ్యాక్టర్లు అంటారు. డీఎన్‌ఏలో తమకు తెలిసిన అక్షరాల వరస కనిపిస్తే అక్కడ కూర్చుంటాయి. మూలుగలో ఎర్రకణం తయారవ్వాలంటే గాటా1 ఉండి తీరాలి. జీ, ఏ, టీ, ఏ అనే అక్షరాలను పట్టుకుంటుంది కాబట్టే దానికా పేరు.

గామా నోరు నొక్కేది బీసీఎల్11ఏ అనే మరో ట్రాన్స్‌క్రిప్షన్ ఫ్యాక్టర్. ఈ సంగతిని 2008లో బోస్టన్‌లో స్టూవర్ట్ ఆర్కిన్, విజయ్ శంకరన్ బృందం బయటపెట్టింది. అలాగని దాన్ని పూర్తిగా తీసేయలేం. మెదడు ఎదుగుదలకూ, రోగాలతో పోరాడే బి కణాలకూ అది కావాలి.

నాకు ఎంతో ఇష్టమైన మలుపు ఇక్కడే ఉంది. బీసీఎల్11ఏ జన్యువు లోపలే, ఎర్రకణాల్లో మాత్రం పనిచేసే చిన్న డీఎన్‌ఏ ముక్క ఒకటుంది. అందులో గాటా1 కూర్చునే చోటుంది. రక్తాన్ని తయారుచేసే రోగి సొంత మూలకణాలను బయటికి తీసి, సరిగ్గా ఆ చోటును క్రిస్పర్ అనే డీఎన్‌ఏ కత్తెరతో కత్తిరిస్తారు. గాటా1కు పట్టు దొరకదు, ఎర్రకణాల్లో బీసీఎల్11ఏ తగ్గుతుంది, గామా మళ్లీ పలుకుతుంది. మెదడు జోలికే పోరు. చెడ్డ బీటా జన్యువు ఎలా ఉన్నది అలాగే ఉంటుంది, దాన్నెవరూ ముట్టుకోరు! ఈ చికిత్సకు 2023 నవంబరులో బ్రిటన్, డిసెంబరులో అమెరికా అనుమతిచ్చాయి. హీమోగ్లోబిన్ సరిగా తయారవని తలసీమియా జబ్బుకూ ఇదే వాడుతున్నారు.

అమెరికాలో దీని ధర 22 లక్షల డాలర్లు. కణాలను తిరిగి ఎక్కించే ముందు గట్టి కీమో మందుతో మూలుగను ఖాళీ చేయాలి. మన ఏజెన్సీ ప్రాంతాల్లో సికిల్ సెల్‌తో బతుకుతున్న ఆదివాసీ పిల్లలకు అందుబాటులో ఉన్నది హైడ్రాక్సీయూరియా. రోజూ నోటితో వేసుకునే చవక మందు. అదీ చాలామందిలో గామానే కొంత మేలుకొలుపుతుంది.