ఇసాండ్ల్వానా: తూటాల పెట్టె నుంచి తెల్లరాళ్ల దాకా అపోహలు - వాస్తవాలు

అపోహ: 1879 జనవరి 22న దక్షిణాఫ్రికాలోని ఇసాండ్ల్వానా దగ్గర, అక్కడి జులూ రాజ్యపు సేన చేతిలో బ్రిటిష్ సైన్యం ఓడిపోయింది తూటాల పెట్టెలు తెరుచుకోకే.

వాస్తవం: యుద్ధభూమి చూడ్డానికి వచ్చేవాళ్లు ఎక్కువగా చెప్పేది ఈ కథే. ఒక్కో పెట్టెలో 600 మార్టినీ-హెన్రీ తుపాకీ తూటాలు, పదేసి చొప్పున పొట్లాలు. పెట్టెకు రెండు రాగి పట్టీలు, వాటికి బోలెడు స్క్రూలు. కథ పుట్టింది అక్కడే. తూటాలు తీయాలంటే ఆ పట్టీల జోలికే పోనక్కర్లేదు. నడుమ పక్కకు జరిగే పలక మూత ఉంటుంది, దానికి ఒక్కటే స్క్రూ. తుపాకీ మడమతో అంచు మీద గట్టిగా కొడితే ఆ స్క్రూ వంగి మూత ఊడొస్తుంది. అలా వంగిన స్క్రూలు ఆ నేలలో దొరికాయి కూడా.

దూరంగా వాగులో నిలిచి పోరాడిన బ్రిటిష్ అధికారి డర్న్‌ఫర్డ్ గుర్రపు దళానికి తూటాలు నిండుకున్న మాట నిజం. అయితే ఓటమి విత్తు అంతకుముందే పడింది. బ్రిటిష్ సేనాధిపతి చెమ్స్‌ఫర్డ్ తెల్లవారకముందే దాదాపు సగం సైన్యాన్ని వెంటబెట్టుకుపోయాడు. శిబిరం చుట్టూ బళ్లు అడ్డం పెట్టలేదు, కందకం తవ్వలేదు. మిగిలినవాళ్లు పలచగా, శిబిరానికి దూరంగా బారులు తీరారు. మీదికొచ్చింది ఇరవై వేల మంది, ఎద్దు ఆకారపు వ్యూహంలో: ‘రొమ్ము’ ఎదురుగా తలపడుతుంటే రెండు ‘కొమ్ములు’ చుట్టుముట్టాయి. నెపం పెట్టె మీదకు నెడితే జులూ సేనాని న్త్షింగ్వాయో ఎత్తుగడ మరుగున పడిపోతుంది. ఆ కథ అంతకాలం బతకడానికి కారణమూ అదేననిపిస్తుంది.

అపోహ: జులూల దగ్గర ఈటెలు తప్ప తుపాకులు లేవు.

వాస్తవం: వేలల్లో ఉన్నాయి. చాలావరకు పాతబడ్డవి, తుపాకి మందు నాసిరకం.

అపోహ: అదే రోజు జులూలు దాడి చేసిన దగ్గర్లోని బ్రిటిష్ స్థావరం రోర్క్స్ డ్రిఫ్ట్‌లో వేల్స్ సైనికుల ధైర్యానికి మెచ్చి జులూలు వందనం చేసి వెళ్లారు.

వాస్తవం: అది 1964 నాటి ‘జులూ’ సినిమా ముగింపు. మర్నాడు పొద్దున చెమ్స్‌ఫర్డ్ దళం అటుగా వస్తుండగా జులూలు వెనుదిరిగారు. అక్కడ పోరాడిన 24వ రెజిమెంట్ పేరులో అప్పటికి ఉన్నది వార్విక్‌షైర్. వేల్స్ పేరు చేరింది 1881లో. గాయపడి పడి ఉన్న జులూలను యుద్ధం అయ్యాక చంపేసిన సంగతి సినిమాలో కనిపించదు.

అపోహ: ఇసాండ్ల్వానాలోని తెల్లరాళ్ల కుప్పలు ఇరుపక్షాల సమాధులు.

వాస్తవం: అవి బ్రిటిష్ పక్షపువి. కుప్పలు వరసగా సాగిన వైపు నడిస్తే వాళ్లు పారిపోయిన దారి తెలుస్తుంది. జులూ మృతులు వెయ్యికి అటూఇటూ. కొందరిని అయినవాళ్లు మోసుకెళ్లారు, మిగిలినవాళ్లను వాగుల్లో, దగ్గరి ఇళ్ల ధాన్యపు పాతరల్లో పూడ్చారు. పైన రాయి పెట్టలేదు. అక్కడ జులూల స్మారకం వెలిసింది 1999లో: వీరులు మెడలో వేసుకునే పూసల హారం, కంచులో.