బంజరు అనుకున్న చోట బట్టమేక పిట్ట

రాజస్థాన్‌లోని ఎడారి జాతీయ ఉద్యానం వార్తల్లోకి వచ్చిందంటే గొడవ ఒకటే: సౌర విద్యుత్తును మోసే కరెంటు తీగలా, బట్టమేక పిట్టా (గ్రేట్ ఇండియన్ బస్టర్డ్)? కానీ ఈ గొడవ మూలం సౌర విద్యుత్తులో లేదు. థార్ ఎడారిని ఉత్త ఖాళీ నేలగా జమకట్టిన రోజుల్లోనే ఉంది.

జైసల్మేర్, బాడ్మేర్ జిల్లాల్లోని ఈ ఉద్యానంలో ఇసుక తిన్నెలు కొంత భాగమే. మిగతాదంతా రాతినేల, కంకర మైదానాలు, గడ్డి. ముఖ్యంగా సేవణ్ గడ్డి. కుచ్చులు కుచ్చులుగా పెరిగే ఈ గడ్డి కరువులో ఎండుపుల్లల్లా మారిపోతుంది, ఒక్క వాన పడితే మొదళ్ల నుంచి మళ్లీ పచ్చగా లేస్తుంది. పశువులకు ఇదే మేత. ఈ కుచ్చుల మధ్యే, గూడైనా కట్టకుండా, బట్టమేక పిట్ట నేల మీద గుడ్డు పెడుతుంది. సాధారణంగా ఒక్కటే. మిడతలు, పెంకుపురుగులు, చిన్న బల్లులు, రేగుపండ్లు తిని బతుకుతుంది. చింకారా జింకలు, ఎడారి నక్కలు, ముళ్లతోక బల్లులు దాని ఇరుగుపొరుగు. అక్కడ ఖేజ్డీ అనే చెట్టు మన జమ్మే.

వేట ఈ పిట్టను మొదట దెబ్బతీసింది. 1970ల చివర్లో డేగలతో వేటాడేందుకు సౌదీ రాజకుమారుడి బృందం జైసల్మేర్ వచ్చినప్పుడు రాజస్థాన్ జనం గట్టిగా అడ్డం తిరిగారు. 1980లో 3,162 చదరపు కిలోమీటర్లను రక్షిత ప్రాంతంగా ప్రకటించారు. మరుసటి ఏడాది బట్టమేక పిట్ట రాష్ట్ర పక్షి అయింది. పేరుకు జాతీయ ఉద్యానమే గానీ చట్టం దృష్టిలో అభయారణ్యం. లోపల పదుల కొద్దీ ఊళ్లున్నాయి. ఆంక్షల భారం మోసింది ఆ ఊళ్ల పశుపాలకులే, వాళ్లను కలుపుకుపోవడంలో ప్రభుత్వాలు విఫలమయ్యాయి.

1987లో ఇందిరా గాంధీ కాలువ నీళ్లు జైసల్మేర్ జిల్లాకు చేరాయి. తాగునీరు వచ్చింది, మంచిదే. దానితోపాటు సేవణ్ బీళ్లు పొలాలయ్యాయి. ఊళ్లతోపాటు కుక్కలూ పెరిగాయి. నేల మీది గుడ్డుకు అంతకంటే ముప్పేముంది?

ఆ తర్వాత గాలిమరలు, సౌర ఫలకాలు, వాటి వెంట హైటెన్షన్ తీగలు. ఈ పిట్ట కళ్లు తలకు పక్కలకు ఉంటాయి, ఎదురుగా ఉన్నది సరిగ్గా కనబడదు. మగపిట్ట పది కిలోలు దాటుతుంది. తీగ కనబడే సరికే దగ్గరైపోతుంది, అంత బరువుతో చటుక్కున పక్కకు తిరగలేదు. థార్‌లో ఏడాదికి 18 దాకా ఇలా తీగలకు తగిలి చస్తున్నాయని భారత వన్యప్రాణి సంస్థ అంచనా. 1969లో దేశమంతటా సుమారు 1,260 ఉన్న జాతి, 2018 నాటికి 150కి పడిపోయింది. కర్నూలు వైపు రోళ్లపాడులో దీని కోసమే 1988లో అభయారణ్యం పెట్టారు, అక్కడా దాదాపు కనుమరుగైంది.

తీగల్ని భూగర్భంలో వేయాలని 2021లో సుప్రీంకోర్టు ఆదేశించింది. 2024లో ఆ ఆదేశాన్ని సడలించి, నిపుణుల కమిటీ వేసింది. ఈలోగా ఓరణ్‌ల తగాదా ముదిరింది. ఇవి దేవుడి పేర విడిచిన వనాలు, తరతరాలుగా అక్కడ కొమ్మ నరకరు. రెవెన్యూ రికార్డుల్లో మాత్రం చాలావాటిని బంజరుగా రాశారు, కాబట్టి ప్రాజెక్టులకు ఇచ్చేయడం తేలికైంది.

2019 నుంచి జైసల్మేర్‌లో ఈ పిట్ట గుడ్లు సేకరించి, పొదిగించి పిల్లల్ని పెంచుతున్నారు. 2024లో కృత్రిమ గర్భధారణతోనూ ఒక పిల్ల పుట్టింది. ఎంతో గొప్ప పని ఇది. కానీ వాటిని రేపు వదలడానికి తీగలు లేని గడ్డినేల కావాలి. ఓరణ్‌లను రికార్డుల్లో ఓరణ్‌లుగానే నమోదు చేయాలని ఊళ్లవాళ్లు చేస్తున్న పాదయాత్రలు ఆ నేల కోసమే.