చీలింది మెడలో, తెరవాల్సింది మెదడులో

పక్షవాతం అనగానే అరవై దాటిన మనిషి, బీపీ, షుగరు, చుట్ట గుర్తొస్తాయి. అవేవీ లేని నలభై ఏళ్ల మనిషికి పొద్దున్నే పళ్లు తోముకుంటుండగా కుడిచేతిలోంచి బ్రష్షు జారిపోయి మాట ముద్దయిపోతే, ఇంట్లో వాళ్లకు అది పక్షవాతమని తట్టదు. గ్యాస్ అంటారు, నీరసం అంటారు. ఆస్పత్రిలో ఒక్క ప్రశ్న వేస్తే మాత్రం చాలాసార్లు తీగ దొరుకుతుంది: ఈమధ్య మెడ నొప్పి వచ్చిందా? వచ్చిందండీ, నాలుగు రోజులుగా ఎడమవైపు మెడ, చెవి వెనక, కంటి పైన ఒకటే పోటు, మెడ పట్టేసిందనుకుని బామ్ రాసుకున్నాడు అంటారు. అది కండరం పట్టడం కాదు. మెడలో కెరోటిడ్ ధమని లోపలి పొర చీలడం. డాక్టర్లు దీన్ని డిసెక్షన్ అంటారు.

మనం వాడుకలో ‘మెడ నరం’ అంటాం గానీ ఇది నరం కాదు, మెదడుకు రక్తం తీసుకుపోయే గొట్టం. దాని గోడకు మూడు పొరలుంటాయి. విశాఖలో సముద్రపు గాలి తగిలే ఇళ్లలో గోడ మీద పెయింటు పొక్కడం అందరూ చూసే ఉంటారు. ఎక్కడో చిన్న పగులులోంచి చెమ్మ దూరి, పెయింటును గోడ నుంచి విడదీసి ఉబ్బిస్తుంది. ఇక్కడా అంతే, కాకపోతే దూరేది చెమ్మ కాదు, గుండె కొట్టినప్పుడల్లా ఒత్తిడితో వచ్చే రక్తం. పొరల మధ్య చేరిన రక్తం ఉబ్బి అసలు దారిని నొక్కేస్తుంది. చీలిన చోట గరుకు తేలిన గోడకు రక్తం అంటుకుని గడ్డ కడుతుంది, ఆ గడ్డ ముక్క తెగి మెదడులోకి ఎగిరిపోతుంది. దారి సన్నబడటం కంటే ఈ ఎగిరిపోయిన ముక్కే ఎక్కువమందిని మంచాన పడేస్తుంది. అసలు కథ మెడలో మొదలైనా నష్టం జరిగేది పైన, మెదడులో.

కొవ్వు పేరుకునే జబ్బు కెరోటిడ్ రెండు కొమ్మలుగా విడిపోయే మలుపు దగ్గర వస్తుంది. డిసెక్షన్ అక్కడ రాదు. ఆ మలుపుకు రెండు మూడు సెంటీమీటర్ల పైన మొదలై, ధమని పుర్రె ఎముకలోకి దూరే చోటు దాకా పోతుంది. ఎముక లోపల ధమని కదలదు, మెడలో కదులుతుంది. ఆ రెంటి మధ్యనున్న భాగమే సాగి చిరుగుతుంది. ఏడాదికి లక్ష మందిలో ఇద్దరు ముగ్గురికి వచ్చే జబ్బు ఇది. రక్తం అందక వచ్చే పక్షవాతాలన్నిటిలో దీని వాటా సుమారు 2 శాతమే, కానీ యాభై లోపు వాళ్లను మాత్రమే తీసుకుంటే నాలుగైదు కేసుల్లో ఒకటి దాకా ఉంటుంది.

ఎందుకు చీలుతుందంటే, చాలామందికి చెప్పుకోదగ్గ కారణమే గుర్తుండదు. గట్టిగా దగ్గడం, వాంతులు, బరువు ఎత్తడం, బండి మీద వెళుతుంటే సడన్ బ్రేక్‌కు మెడ విదిలించినట్టవడం, ఇలాంటివే బయటపడతాయి. కొందరికి పుట్టుకతోనే ధమని గోడకు బలమిచ్చే కొల్లాజెన్ అనే ప్రొటీన్ బలహీనంగా ఉంటుంది. ఇక సెలూన్ సంగతి. తల మర్దన వరకూ ఇబ్బంది లేదు. ఆ తర్వాత గడ్డం ఓ చేత్తో, తల వెనక ఓ చేత్తో పట్టుకుని టక్కుమని తిప్పుతారే, అదే వద్దు. తల వెనక్కి వంగి పక్కకు తిరిగినప్పుడు ధమని మెడ ఎముకల అంచు మీద వీణ తీగలా బిగుసుకుంటుంది. రోజూ అలా తిప్పించుకునే వేలమందికి ఏమీ కాదన్నది నిజమే. కానీ ‘టక్’మనే ఆ చప్పుడు కోసం ఆ రిస్కు అక్కర్లేదు.

పక్షవాతం రాకముందే పట్టుకోగల గుర్తు ఒకటుంది. నొప్పి ఉన్న వైపు కనురెప్ప కాస్త వాలుతుంది, కంటిపాప చిన్నదవుతుంది. కంటిపాపను పెద్దది చేసే సన్నటి నరాలు ఈ ధమని గోడనే అల్లుకుని పైకి వెళతాయి, గోడ ఉబ్బితే అవి నలుగుతాయి. మంచి వెలుతురులో రెండు పాపలూ చిన్నవే కాబట్టి తేడా తెలియదు. లైటు ఆర్పి, మసక వెలుతురులో చూడాలి. కొందరికి చెవిలో గుండె చప్పుడు ‘డబ్ డబ్’మని వినిపిస్తుంది. కొత్తగా వచ్చిన ఒకవైపు మెడ నొప్పికి ఈ రెంటిలో ఏది తోడైనా బామ్ పక్కన పెట్టి అదే రోజు సీటీ యాంజియో, అంటే రక్తనాళాలను చూపించే స్కాన్, చేయించుకోవాలి. నొప్పికీ పక్షవాతానికీ మధ్య గంటల నుంచి రోజుల దాకా ఎడం ఉండొచ్చు, ప్రమాదం ఎక్కువ ఉండేది మొదటి రెండు వారాలు.

చెయ్యి పడిపోయాక లెక్క వేరు. పెద్ద రక్తనాళం మూసుకుపోయిన మెదడులో నిమిషానికి సగటున 19 లక్షల కణాలు చచ్చిపోతాయి. గడియారం మొదలయ్యేది ఇంట్లో వాళ్లు గమనించినప్పటి నుంచి కాదు, మనిషి బాగున్నట్టు చివరిసారి చూసినప్పటి నుంచి. రాత్రి పదికి బాగానే పడుకుని ఆరింటికి మూతి వంకరతో లేస్తే, అప్పటికే ఎనిమిది గంటలు గడిచాయన్నమాట. ఈలోగా నోట్లో నీళ్లు పోయకూడదు, మింగలేని మనిషికి అవి ఊపిరితిత్తుల్లోకి పోతాయి. ఆస్పిరిన్ కూడా వేయకూడదు, లోపల రక్తస్రావమో గడ్డో సీటీ తీసేదాకా తెలియదు.

గడ్డ కరిగించే ఇంజెక్షన్ మామూలుగా నాలుగున్నర గంటల లోపు ఇవ్వాలి. ఆల్టెప్లేజ్ అయితే కిలో బరువుకు 0.9 మిల్లీగ్రాములు, మొత్తం 90 దాటకూడదు. పదో వంతు ఒక్కసారిగా ఇచ్చి మిగతాది గంటసేపు ఎక్కిస్తారు. టెనెక్టెప్లేజ్ అయితే కిలోకు 0.25 చొప్పున, 25 దాటకుండా ఒక్క పోటుతో అయిపోతుంది. పాడేరు, అరకు ఘాట్ దిగి విశాఖ రావాల్సిన వాళ్లకు, శ్రీకాకుళం నుంచి వంద కిలోమీటర్లకు పైగా ప్రయాణం చేయాల్సిన వాళ్లకు ఈ రెండోది వరమే, దగ్గర్లో సీటీ ఉన్న చోట ఇంజెక్షన్ ఇచ్చేసి వెంటనే అంబులెన్స్ ఎక్కించవచ్చు. మెడలో పొర చీలిందన్న అనుమానంతో ఇంజెక్షన్ ఆపక్కర్లేదు. చీలిక పుర్రె లోపలి భాగానికి పాకితేనే ఆలోచించాలి. అయితే మెదడులోని పెద్ద నాళంలో పొడవాటి గడ్డ ఉంటే మందు ఒక్కటే దాన్ని కరిగించే అవకాశం తక్కువ. దాన్ని బయటికి లాగాలి. గడ్డ లాగే ఈ పద్ధతి, థ్రాంబెక్టమీ, పనిచేస్తుందని 2015లో వరసగా వచ్చిన ఐదు ట్రయల్స్ తేల్చాయి. దీనికున్న ఆరు గంటల గడువును, ఇంకా బతికున్న మెదడు ఎంతుందో స్కాన్‌లో చూసి ఎంచిన రోగులకు 24 గంటల దాకా పొడిగించినవి 2018 నాటి ట్రయల్స్. 108కు ఫోన్ చేసినప్పుడే, ఈ వేళప్పుడు క్యాత్ ల్యాబ్ (రక్తనాళాల్లోకి గొట్టాలు పంపి వైద్యం చేసే గది) నడుస్తూ గడ్డ తీసే డాక్టరు అందుబాటులో ఉన్న ఆస్పత్రి ఏదో కనుక్కోవడం మంచిది. గాజువాక నుంచి ఒక ఆస్పత్రికి, అక్కడి నుంచి ఎన్ఏడీ మీదుగా మరో ఆస్పత్రికి తిరిగితే పోయే గంటను ఏ పరికరమూ తిరిగి ఇవ్వదు.

క్యాత్ ల్యాబ్‌లో తొడ మూలలోని ధమనిలో 8 ఫ్రెంచ్ షీత్, అంటే పరికరాలు లోపలికి పంపే గొట్టం, పెడతారు. ఫ్రెంచ్ అంటే మిల్లీమీటరులో మూడో వంతు, కాబట్టి ఇది 2.7 మిల్లీమీటర్లు. దాని గుండా కొనలో బెలూన్ ఉన్న గైడ్ కేథెటర్ అనే పొడవాటి గొట్టాన్ని గుండె పైనున్న వంపు దాటించి మెడలోకి తెస్తారు. మామూలు పక్షవాతంలో దీన్ని వీలైనంత పైకి తోస్తారు. డిసెక్షన్‌లో చీలిక కిందే, రెండు కొమ్మలుగా విడిపోకముందు ఉండే కామన్ కెరోటిడ్‌లోనే ఆపాలి. గట్టి ట్యూబు కొన చీలిన పొర అంచుకు తగిలితే చీరకు మేకు తగిలినట్టే. రక్తనాళాన్ని ఎక్స్‌రే తెర మీద చూపించే కాంట్రాస్ట్ మందు కూడా మెల్లగా పంపాలి, జోరుగా కొడితే పొర ఇంకాస్త లేస్తుంది. ప్రతి కేథెటర్ వెనకా, రక్తం గడ్డకట్టకుండా చూసే హెపారిన్ కలిపిన సెలైన్ ఒత్తిడితో కారుతూనే ఉంటుంది. ఆ గొట్టాల్లో గాలి బుడగ మిగిలితే అదే మెదడులో ఇంకో అడ్డం.

తెర మీద డిసెక్షన్ దీపం మంటలా కనిపిస్తుంది, కింద వెడల్పు, పైకి పోనుపోను సన్నబడి కొనదేలి మాయం. ఇక్కడ ఓ మోసం ఉంది. గడ్డ పైన పుర్రెలో కెరోటిడ్ చివర కూర్చున్నా, కింద రక్తం కదలక నిలిచిపోయి మందు మెడ పైదాకా ఎక్కదు, చిత్రం అచ్చం ఇలాగే వస్తుంది. కొన్ని సెకన్లు ఆగి మళ్లీ చూస్తే మందు మెల్లగా పైకి పాకుతుంది. అప్పుడు మెడలో ఏ జబ్బూ లేదన్నమాట.

అసలు పరీక్ష తర్వాతి అడుగు. 0.014 అంగుళం, అంటే మిల్లీమీటరులో సుమారు మూడో వంతు మందం ఉన్న మెత్తటి తీగను చీలిక గుండా పంపాలి. ఎదురుగా రెండు దారులు: రక్తం పారే అసలు దారి, పొరల మధ్య ఏర్పడిన దొంగ దారి. తీగ కొన సూటిగా ఉంటే పొర కిందికి దూరిపోతుంది. అందుకే కొనను ఉంగరంలా వంచి దొర్లించుకుంటూ పంపుతారు. దాని మీదుగా సన్నటి మైక్రోకేథెటర్‌ను పైకి చేర్చాక తీగ తీసి, మందు కొట్టే ముందు సిరంజితో లాగి చూస్తారు. రక్తం తేలిగ్గా రావాలి. ఆ తర్వాత చుక్కంత మందు. అది మెదడు కొమ్మల్లోకి చెట్టులా విచ్చుకుని చకచకా కడుక్కుపోతే అసలు దారిలో ఉన్నట్టు. మరకలా ఓ పక్కన నిలిచిపోతే దొంగ దారి, వెనక్కి రావాల్సిందే. ఇది చూడకుండా తొందరపడి లోపల స్టెంట్ తెరిస్తే, కాస్తో కూస్తో పారుతున్న అసలు దారిని మన చేత్తో మనమే మూసినట్టు.

దారి ఖాయమయ్యాక ముందు మెడ సంగతి చూడాలా, తల సంగతా అన్నది ఈ రంగంలో ఇంకా తెగని వాదం. మెడ దారి తెరిస్తే పైకి రక్తమూ, పరికరాలూ సులువుగా పోతాయంటారు కొందరు. మా ఓటు తలకే. మైక్రోకేథెటర్ మీదుగా మెత్తటి సక్షన్ కేథెటర్‌ను చీలిక దాటించగలిగితే చాలు, ట్యూబు మందానికే ఉబ్బిన గోడ కాస్త అణిగి దారి ఏర్పడుతుంది. గడ్డలోంచి స్టెంట్ రిట్రీవర్‌ను తెరుస్తారు. ఇది లోపల వదిలేసే స్టెంట్ కాదు, 4 నుంచి 6 మిల్లీమీటర్ల వెడల్పున్న జల్లెడ బుట్ట లాంటిది. గడ్డ దాని కళ్లల్లో ఇరుక్కునేలా మూడు నుంచి ఐదు నిమిషాలు ఆగి, కింద బెలూన్ ఉబ్బించి ప్రవాహం ఆపి, సిరంజితో లాగుతూ మొత్తం ఒక్కటిగా వెనక్కి తీస్తారు. బెలూన్ కామన్ కెరోటిడ్‌లో ఉంది కాబట్టి ముఖానికి వెళ్లే కొమ్మ నుంచి రక్తం వెనక్కి తిరిగి పైకి పోవచ్చు, సక్షన్ ఒక్క క్షణం కూడా వదలకూడదు. గాజుగుడ్డ మీద పరిస్తే వచ్చిన గడ్డ తమలపాకు తొడిమంత ఉంటుంది, ముదురు ఎరుపు. ఇంతదే ఓ మనిషి మాటనూ చేతినీ పట్టుకుపోయింది. మొదటి లాగుడులోనే వస్తే ఫలితం బాగుంటుంది. లాగిన ప్రతిసారీ గోడ గీసుకుంటుంది గనక మూడుసార్లు దాటితే ఆపడం మంచిదా అని ఆలోచించాలి.

గడ్డ వచ్చాక ఇంట్లో వాళ్లు అడిగే మొదటి ప్రశ్న, “మెడలో స్టెంట్ వెయ్యలేదేంటండీ?” గుండెకు స్టెంట్ వేయించుకున్న చుట్టం ప్రతి ఇంట్లో ఒకరుంటారు, స్టెంట్ వేస్తేనే వైద్యం జరిగినట్టు. ఇక్కడ వేయకపోవడమే చాలాసార్లు మంచి వైద్యం. స్టెంట్ వేస్తే దానిలో గడ్డ కట్టకుండా అప్పటికప్పుడు ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్ 300 మిల్లీగ్రాముల చొప్పున ముక్కు గొట్టంలోంచి ఇవ్వాలి, లేదా అలాంటి పనే చేసే టైరోఫిబాన్‌ను నరంలోకి ఎక్కించాలి. అవతల మెదడులో ఇప్పుడే దెబ్బతిన్న భాగం ఉంది, కరిగించే ఇంజెక్షనూ పడింది. రక్తస్రావానికి ఇంతకంటే ఆహ్వానం ఏముంటుంది? అందుకే పది పదిహేను నిమిషాలు ఆగి మళ్లీ చిత్రం తీస్తారు. ఇదే ధమని నుంచి గానీ, అవతలి వైపు కెరోటిడ్ నుంచి మెదడు అడుగునున్న వలయం గుండా గానీ రక్తం చక్కగా అందుతుంటే మెడ జోలికి పోరు. ఆ చీలిక తనంత తానే మానుతుంది.

దారి మళ్లీ మూసుకుపోతూ, అవతలి నుంచి కూడా రక్తం రాకపోతేనే స్టెంట్. అప్పుడు కూడా పైనుంచి కిందికి వేస్తూ రావాలి. కింద ముందు వేస్తే పొరల మధ్యనున్న రక్తం పేస్టు ట్యూబును అడుగున నొక్కినట్టు పైకి తన్నుకుపోతుంది. బెలూన్‌తో గట్టిగా వెడల్పు చేయక్కర్లేదు, ఇది రాయిలాంటి కొవ్వు కాదు, మెత్తటి ఉబ్బు. దానంతటది తెరుచుకునే స్టెంట్ బలమే సరిపోతుంది.

తర్వాతి 24 గంటలు బీపీని 180/105 లోపు ఉంచాలి. అలాగని మరీ దించేయకూడదు. రక్తనాళం తెరుచుకున్న రోగుల్లో పై అంకెను 120 లోపుకు దించి చూసిన 2022 నాటి ట్రయల్‌లో వైకల్యం పెరిగింది. మర్నాటి సీటీలో రక్తస్రావం లేదని చూశాకే, స్టెంట్ వేయని వాళ్లకు ఆస్పిరిన్ మొదలుపెడతారు. కొందరికి రక్తం పలచబరిచే మాత్రలు ఇస్తారు. ఏదైనా మూడు నుంచి ఆరు నెలలు. స్టెంట్ ఉంటే రెండు మాత్రలు కొన్ని నెలలు, ఆ పైన ఆస్పిరిన్ కొనసాగుతుంది.

మూడు నెలలకు మళ్లీ సీటీ యాంజియో తీస్తే ఎక్కువమందిలో పొక్కు అణిగి ధమని దారికి వచ్చి ఉంటుంది. కొందరికి చీలిన చోట గోడ మీద బుడగ లాంటి చిన్న ఉబ్బు మిగులుతుంది, చాలావరకు దాన్ని చూస్తూ ఊరుకోవడమే. ఆ రోజు మొదటి స్కాన్‌తో పోల్చి చూడాలి గనక డిశ్చార్జి అప్పుడు రిపోర్టు కాగితంతో సరిపెట్టుకోకుండా స్కాన్ సీడీ అడిగి తీసుకుని, బీరువాలో పొలం పట్టాల పక్కనే పెట్టండి.