కారేది ఒకచోట, చిల్లు ఇంకోచోట

కర్నూల్లో కొండారెడ్డి బురుజు దాటాక నా బండి ట్యాంకు అడుగున పెట్రోలు చెమర్చడం మొదలైంది. పక్కనున్న షెడ్డులో మెకానిక్ కుర్రాడు దాన్ని గుడ్డతో తుడిచి, చేతులు కడుక్కునే బట్టల సబ్బు ముక్క తీసుకుని అతుకు మీద గట్టిగా రుద్దాడు. కారడం ఆగింది. "ఇంటి దాకా పోతాది సార్. రేపు ట్యాంకు దించుదాం" అన్నాడు. సబ్బు నీళ్లలో కరుగుతుంది గానీ పెట్రోల్లో కరగదు, అందుకే ఈ చిట్కా ఓ పూట పనిచేస్తుంది. డబ్బులిస్తుంటే అడిగాడు: "మీరు విమానాలు రిపేరు చేస్తారంట గదా సార్. వాటి ట్యాంకు కారితే గూడా ఇట్లనే సబ్బు పూస్తారా, ఎంసీల్ పెడతారా?"

నవ్వొచ్చింది గానీ, రోడ్డు మీద నిలబడి చెప్పే జవాబు కాదది. సబ్బు మేమూ వాడతాం. ఎంసీల్‌కి దూరపు చుట్టంలాంటిది కూడా వాడతాం. దేనికి వాడతాం, ఏ వైపు నుంచి పెడతాం అన్న దగ్గరే తేడా.

చిన్న ప్రైవేటు విమానాల్లో చాలావాటికి పెట్రోలు రెక్కల్లోనే ఉంటుంది. పైపర్ చెరోకీలో అది విడి అల్యూమినియం డబ్బా, ఊడదీసి బల్ల మీద పెట్టుకోవచ్చు. బీచ్‌క్రాఫ్ట్ బొనాంజాలో రెక్క లోపల రబ్బరు సంచి. మూడో రకంలో డబ్బా లేదు, సంచీ లేదు, రెక్కే ట్యాంకు. పైనా కిందా పలుచటి రేకులు, మధ్యలో పక్కటెముకల్లాంటి రిబ్బులు, అన్నిటినీ కుట్టినట్టు పట్టి ఉంచే వందలకొద్దీ రివెట్లు, ప్రతి సందుకీ లోపలి నుంచి పూసిన రబ్బరు లాంటి పూత. మూనీ విమానాలు ఇలాంటివే. సెస్నా 172 కొత్త రకాలూ అంతే, రెండు రెక్కల్లో కలిపి సుమారు 212 లీటర్లు పడతాయి. బరువు తగ్గుతుంది, చోటు కలిసొస్తుంది. కాకపోతే ఆ రెక్కలో ఎన్ని రివెట్లుంటే కారడానికి అన్ని దారులు.

రెక్క ఊరికే ఉండదు కూడా. గాల్లో పైకి వంగుతుంది, దిగేటప్పుడు దభీమని పడితే అదురుతుంది. మన ఎండ సంగతి సరేసరి. అల్యూమినియం మీటరు పొడవుకి ఒక్కో డిగ్రీకి 23 మైక్రాన్లు సాగుతుంది. అయిదు మీటర్ల రెక్క తెల్లవారుజాము చల్లదనం నుంచి మధ్యాహ్నానికి 30 డిగ్రీలు వేడెక్కితే దాదాపు మూడున్నర మిల్లీమీటర్లు పెరుగుతుంది. రోజూ ఇలా సాగుతూ ముడుచుకుంటూ ఉంటే లోపలి పూత ఎక్కడో ఒకచోట రేకుని వదిలేస్తుంది. ఆ సందులోకి నీళ్లయితే దూరవేమో గానీ పెట్రోలు దూరుతుంది. దాని తలతన్యత (పైపొర బిగువు) నీటిదాంట్లో మూడో వంతు కూడా ఉండదు, పైగా నీళ్ల కంటే పలచన. నీళ్లు పోసి నిలిచింది కదా అని ట్యాంకుని నమ్మితే మోసపోతాం.

కారినట్టు కనిపించిందంతా కారడమూ కాదు. అనంతపురంలో మే నెల పొద్దున ట్యాంకు అంచు దాకా నింపి ఎండలో పెట్టారనుకోండి. వంద లీటర్ల పెట్రోలు 20 డిగ్రీలు వేడెక్కితే ఇంచుమించు రెండు లీటర్లు పెరుగుతుంది. ఆ పెరిగింది గాలిగొట్టంలోంచి కింద పడుతుంది. చెరువుకి అలుగు పారినట్టే అనుకోండి, చెరువు తెగినట్టు కాదు.

అసలు లీకు ఆనవాలు నీలం రంగు. ఈ విమానాల్లో వాడే 100ఎల్‌ఎల్ పెట్రోలుకి ఏ రకమో తెలియడానికి నీలం రంగు కలుపుతారు. (దీన్ని మన దేశంలోనే తయారుచేసి ఇండియన్ ఆయిల్ 2022లో విడుదల చేసింది.) సన్నటి లీకు బొట్టుగా రాలదు, బయటికొచ్చిన పెట్రోలు వచ్చినట్టే ఆవిరైపోతుంది, రంగు మాత్రం రివెట్ చుట్టూ మిగిలిపోతుంది. మరకని పొడిగుడ్డతో తుడిచి అరగంట ఆగి మళ్లీ ఎంత మేర తడిసిందో కొలుస్తాం. రెండు సెంటీమీటర్ల లోపైతే మరక కిందే లెక్క. నాలుగు దాకా ఊట, పది దాకా గట్టి ఊట. బొట్లు రాలితే మాత్రం ఎగరడం బంద్.

ఒకసారి నా దగ్గరికొచ్చిన విమానానికి ఎవరో ఆ కర్నూలు మెకానిక్ కుర్రాడి ఆలోచనే చేసి పెట్టారు. ఎడమ రెక్క కింద రివెట్ మీద ఎంసీల్ ముద్ద, దాని మీద తెల్ల పెయింటు, చూడ్డానికి ముచ్చటగానే ఉంది. రెండు నెలలు ఆగిందట. తర్వాత రెండడుగుల అవతల పెయింటు బొబ్బలా లేచింది, గోటితో గిల్లితే లోపల నీలం నీళ్లు. చిల్లు మూయలేదు కదా, పోయే దారి మూశారు. పెట్రోలు రేకుల మధ్య సందులో పాకుతూ ఇంకో దారి చూసుకుంది.

మా ఊళ్లో మట్టి మిద్దె ఉన్నవాళ్లకి ఇది కొత్త కాదు. "దూలం కాడ ఉరుస్తాంది, పైకెక్కి చూడు పో" అని మా అవ్వ వానలో నన్ను మిద్దెక్కించేది. దూలానికి సరిగ్గా పైన మట్టి గట్టిగానే ఉండేది. బొక్క నాలుగు బారల అవతల పిట్టగోడ మొదట్లో దొరికేది. అక్కడ గంపెడు చౌడు పోసి తొక్కేవాళ్లం. చౌడులోని సోడియం వల్ల బంకమట్టి రేణువులు ఒకదాన్నొకటి విడిచి ఉబ్బి సందుల్లో ఇరుక్కుంటాయి, నీళ్లు దిగవు. పంటకి పనికిరాని మట్టి మిద్దెకి మాత్రం దేవుడు.

అవ్వ ఎప్పుడూ ఇంట్లోంచి దూలానికి మట్టి మెత్తమనలేదు. ద్రవం ఏ వైపు నుంచి తోస్తుందో ఆ వైపే మూయాలి. లోపలి నుంచి పెట్టిన పూతని పెట్రోలు బరువే రేకుకి అదిమి పెడుతుంది. బయట పెట్టిన ముద్దని అదే బరువు ఊడగొడుతుంది. చెరువు కట్టకీ ఇదే లెక్క. కడప జిల్లా పోరుమామిళ్లలో 1369 నాటి శాసనం ఒకటుంది. మంచి చెరువుకి ఉండాల్సిన పన్నెండు అంగాలు, ఉండకూడని ఆరు దోషాలు అందులో చెక్కించారు. దోషాల్లో మొదటిది కట్ట నుంచి నీళ్లు ఊరడం.

రెక్క లోపలికి వెళ్లాలంటే ముందు పెట్రోలు తోడాలి. జాగ్రత్తగా ఉండాల్సింది అప్పట్నుంచే, ఎందుకంటే నిండు ట్యాంకు కంటే ఖాళీ ట్యాంకే ప్రమాదం. గాలిలో పెట్రోలు ఆవిరి ఒకటింబావు నుంచి ఏడు శాతం దాకా ఉంటే అంటుకుంటుంది. ఖాళీ ట్యాంకులో తేలిగ్గా అదే పాళ్లకి రావచ్చు. ఆవిరి గాలి కంటే బరువు, తనంతట తాను లేచి పోదు. అందుకే విమానాన్ని భూమికి తీగతో కలిపి, కరెంటు లేకుండా గాలి ఒత్తిడితోనే నడిచే పంకాతో గంటలకొద్దీ ఊదుతాం. హేంగరులో, అంటే విమానాల షెడ్డులో, ఉక్కకి తట్టుకోలేక ఓ కుర్రాడు కూలర్‌ని రెక్క దగ్గరికి లాక్కొస్తే నేను కేకేసిన కేక బయటి దాకా వినిపించిందట. మామూలు మోటారులో నిప్పురవ్వ పుట్టడం ఎంతసేపు?

తర్వాత రెక్క మీది మూత తీసి మోచేయి దాకా చెయ్యి దూర్చి, పంటి డాక్టరు దగ్గరుండే లాంటి చిన్న అద్దంతో వెతకాలి. సబ్బు పని ఇక్కడ పడుతుంది. బయట నీలం మరక ఉన్న రివెట్ దగ్గర చిన్న గొట్టంతో మెల్లగా గాలి ఊదుతాం, లోపల అతుకుల వెంట సబ్బు నురుగు పూస్తాం. బుడగ లేచిన చోటే చిల్లు. పెట్రోలు వచ్చిన దారినే గాలిని వెనక్కి పంపడమన్నమాట. ఆ ఎంసీల్ విమానంలో బుడగ మరకకి ముప్పావు మీటరు అవతల, ఓ రిబ్బు మూలన లేచింది.

పాత పూత గీకడానికి ఇనుము వాడం. రేకు మీద గీతపడితే అక్కడే తుప్పు మొదలవుతుంది, అందుకని ప్లాస్టిక్ బద్దే. జిడ్డు కరిగించే ద్రావకంతో కడిగాక అది ఆరకముందే పొడిగుడ్డతో తుడవాలి. దానంతట అది ఆరితే కరిగిన జిడ్డు మళ్లీ రేకు మీదే పేరుకుంటుంది.

కొత్తగా పూసేది పాలీసల్ఫైడ్. దీని కథ భలే ఉంటుంది. 1920ల్లో అమెరికాలోని కాన్సాస్ సిటీలో జోసెఫ్ పాట్రిక్ అనే రసాయన శాస్త్రవేత్త కార్ల రేడియేటరు నీళ్లు గడ్డకట్టకుండా ఏదో చేయబోతే కంపు కొట్టే బంక తయారై సింకుకి అడ్డం పడింది. ఏ ద్రావకం పోసినా కరగలేదు. ఏదీ కరిగించలేకపోవడమే దాని గుణమని తర్వాత తట్టింది. గంధకానికీ జిగురుకీ ఉన్న గ్రీకు మాటలు కలిపి థయోకాల్ అని పేరు పెట్టారు. గంధకం నిండిన దాని పొడవాటి అణువుల గొలుసుల మధ్యకి పెట్రోలు చొరబడి ఉబ్బించలేదు. మేం వాడే రకం తెల్ల ముద్ద, నల్ల ముద్ద అని రెండు డబ్బాల్లో వస్తుంది. నల్లదాంట్లో మాంగనీస్ డయాక్సైడ్ ఉంటుంది, అది గొలుసుల కొసల్ని గంధకంతో గంధకానికి ముడేస్తుంది. తూకంలో పదికి ఒకటి. కళ్ల అందాజు కుదరదు.

కలిపాక వాసన, మురిగిన గుడ్లే. డబ్బా మీద బి-2 అని ఉంటే 25 డిగ్రీల దగ్గర రెండు గంటలు పని చేసుకోవచ్చని. పది డిగ్రీలు పెరిగితే ఆ టైము సగమవుతుంది, 45 దగ్గర అరగంటే మిగులుతుంది. గాలి మరీ పొడిగా ఉన్నా తంటానే, గట్టిపడడానికి దానికి కాస్త తేమ కావాలి. అందుకే మా వైపు ఎండాకాలంలో ఈ పని తెల్లవారుజామున నాలుగింటికి మొదలుపెడతాం. అదే ముద్దలోంచి గోళీ అంత తీసి కాగితం మీద పెట్టుకుంటాం. లోపలి పూత ఎంతవరకు వచ్చిందో ఈ గోళీని గోటితో నొక్కి తెలుసుకుంటాం.

మూత బిగించాక పరీక్ష. గాలిగొట్టాలు మూసి ట్యాంకులోకి గాలి పంపుతాం, నీళ్ల మట్టం 35 సెంటీమీటర్లు లేచేంత మాత్రమే. మేస్త్రీలు మట్టం చూసుకునే లాంటి నీళ్ల పైపే మా కొలమానం. ఇంతేనా అనిపిస్తుంది గానీ అది చదరపు మీటరుకి 350 కిలోలు, అంటే యాభై కిలోల బియ్యం బస్తాలు ఏడు. మిల్లీమీటరు కూడా లేని రేకు మీద అంతకు మించితే ఉన్న రివెట్లూ వదులవుతాయి.

ఆఖరున పెట్రోలు నింపి, రెక్క కింద మొహానికి రాసుకునే పౌడరు చల్లాం. తడి తగిలితే ఇట్టే తెలుస్తుంది. మర్నాడు పొద్దున వెల్లకిలా పడుకుని టార్చి వేసి చూశాను. రిబ్బు మూల కింద పౌడరు చల్లినట్టే తెల్లగా ఉంది. ఇటు దొర్లి, ఊరికే, కుడి రెక్క కింద కూడా టార్చి కొట్టాను. మూడో వరసలో ఓ రివెట్ చుట్టూ నీలం ఉంగరం.