రోటరీ జిల్లా సదస్సు, సభ్యుల గుర్తింపులు: అపోహలు - వాస్తవాలు

సేవా క్లబ్బుల అంతర్జాతీయ సంస్థ అయిన రోటరీకి సంవత్సరం జులై 1న మొదలై మరుసటి ఏడాది జూన్ 30తో ముగుస్తుంది. ఆ పన్నెండు నెలల్లో ఒక రోటరీ జిల్లాలోని క్లబ్బులన్నీ ఒకచోట కూడే పెద్ద సందర్భం జిల్లా సదస్సు, అంటే మన వాడుకలో డిస్ట్రిక్ట్ కాన్ఫరెన్స్. సదస్సు కమిటీల్లోనూ, విరాళాల వ్యవహారాలు చూసే రోటరీ ఫౌండేషన్ కమిటీలోనూ ఏళ్ళ తరబడి పనిచేస్తున్న నాకు, రిజిస్ట్రేషన్లు మొదలైన వారం నుంచే క్లబ్బుల నుంచి వచ్చే ఫోన్లలో ఒకే రకమైన అనుమానాలు వినిపిస్తుంటాయి. వాటిలో కొన్ని తెలియక వచ్చినవి, మరికొన్ని సదస్సులను మనం నిర్వహిస్తున్న తీరు వల్ల పుట్టినవి. కొత్త సభ్యులకూ, ఈ ఏడాది తొలిసారి అధ్యక్షులుగానో కార్యదర్శులుగానో బాధ్యత తీసుకున్నవారికీ ఉపయోగపడుతుందన్న ఉద్దేశంతో వాటికి సమాధానాలు ఇక్కడ రాస్తున్నాను.

అపోహ: సదస్సు అంటే విందు, వినోదం, సన్మానాలు. వెళ్ళకపోయినా క్లబ్బుకు నష్టమేమీ లేదు.

వాస్తవం: విందు ఉంటుంది, సాయంత్రం పాటలూ నృత్యాలూ ఉంటాయి. వాటిని నేను తక్కువ చేసి మాట్లాడను. ఏడాదంతా ఫోన్లో గొంతు మాత్రమే తెలిసిన పక్క ఊరి కార్యదర్శితో కలిసి భోజనం చేసిన తరువాత, ఆ రెండు క్లబ్బులూ ఉమ్మడిగా కంటి శిబిరం పెట్టుకోవడం ఎంత సులువవుతుందో చాలాసార్లు చూశాను. అయితే వీటన్నిటికన్నా ముందు, జిల్లా సదస్సు అనేది జిల్లాకు సర్వసభ్య సమావేశం వంటిది. జిల్లా ఆదాయ వ్యయాల లెక్కలు చర్చకు రావలసిన సభల్లో ఇది ఒకటి. ప్రతి సభ్యుడి నుంచీ తలకింత అని వసూలు చేసే జిల్లా చందాను ఆమోదించే అధికారం కూడా, రాబోయే ఏడాది అధ్యక్షుల శిక్షణ సమావేశాలతో పాటు, ఈ సదస్సుకు ఉంది. రోటరీ అంతర్జాతీయ డైరెక్టరును ఎంపిక చేసే నామినేటింగ్ కమిటీకీ, మూడేళ్ళకు ఒకసారి రోటరీ నియమావళిని సవరించే రోటరీ సొంత శాసన మండలికీ (కౌన్సిల్ ఆన్ లెజిస్లేషన్) జిల్లా తరఫున ఎవరు వెళ్ళాలన్నది నిర్ణయించగల వేదికల్లో ఇదీ ఒకటి.

ఆ ఓటు వ్యక్తిగా మీది కాదు, మీ క్లబ్బుది. ప్రతి క్లబ్బుకూ దాని తరఫున ఓటు వేసే ఎలెక్టర్ కనీసం ఒకరు ఉంటారు. సభ్యుల సంఖ్య 25 దాటిన తరువాత ప్రతి అదనపు 25 మందికి, లేదా అందులో సగానికి మించిన భాగానికి, మరొక ఎలెక్టర్ లభిస్తారు. అంటే 37 మంది వరకు ఒక్కరు, 38 నుంచి ఇద్దరు, 63 నుంచి ముగ్గురు. సభ్యుల సంఖ్యను లెక్కించేది సదస్సు నాటి హాజరును బట్టి కాదు, ఓటింగుకు ముందు రోటరీ పంపిన చివరి ఇన్వాయిసును, అంటే చందా బిల్లును బట్టి. ఈ ఇన్వాయిసులు జులైలోనూ జనవరిలోనూ వస్తాయి కనుక, డిసెంబరు చివర సభ్యుల పట్టిక సరిచూసుకోని కార్యదర్శి తన క్లబ్బుకు రావలసిన రెండో ఓటును తెలియకుండానే పోగొట్టే అవకాశం ఉంది. ఇక అధికారిక తీర్మానాల సమావేశం తరచుగా రెండో రోజు ఉదయం పెడతారు. ముందురాత్రి కార్యక్రమాలు ఆలస్యమై సగం మంది ఇంకా అల్పాహారం దగ్గరే ఉన్నప్పుడు, హాలు ముందు వరుసల్లోని పాత గవర్నర్లూ (గతంలో రోటరీ జిల్లాకు సారథ్యం వహించినవారు), పట్టుమని పాతికమంది ఎలెక్టర్లూ కలిసి జిల్లా మొత్తానికి వర్తించే నిర్ణయాలు చేసేస్తారు. ఆ నిర్ణయాల మీద తరువాత వాట్సాప్ గ్రూపుల్లో వాపోయేవారిలో ఎక్కువమంది, ఆ పూట హాలులో లేనివారే.

అపోహ: రోటరీ జిల్లా అంటే మన రెవెన్యూ జిల్లాయే.

వాస్తవం: రెండింటికీ సంబంధం లేదు. రోటరీ జిల్లాలకు సంఖ్యలుంటాయి, వాటి హద్దులు రాష్ట్రాల సరిహద్దులను కూడా దాటుతాయి. విశాఖపట్నం, విజయవాడ 3020లో ఉన్నాయి. హైదరాబాద్‌తో పాటు కృష్ణకు ఈవలి గుంటూరు కూడా 3150లోకి వస్తుంది. అనంతపురం, కర్నూలు క్లబ్బులు కర్ణాటకలోని బళ్ళారితో కలిసి 3160లో ఉన్నాయి.

అపోహ: పాల్ హారిస్ ఫెలో అనేది గొప్ప సేవ చేసినవారికి ఇచ్చే పురస్కారం. దీనికి సరిగ్గా విరుద్ధమైన అపోహ: అది డబ్బున్నవాళ్ళు కొనుక్కునే బిరుదు.

వాస్తవం: ఈ రెండూ పొరపాటే, రెండూ ఒకే గందరగోళం నుంచి పుట్టాయి. కథ మొదటి నుంచి చెప్పుకుంటే తేలిగ్గా అర్థమవుతుంది. పాల్ హారిస్ అనే న్యాయవాది 1905 ఫిబ్రవరి 23న షికాగోలో తొలి రోటరీ క్లబ్బును మొదలుపెట్టారు. 1917లో అప్పటి అధ్యక్షుడు ఆర్చ్ క్లంఫ్, ప్రపంచానికి మేలు చేసేందుకు ఒక శాశ్వత నిధి ఉండాలని ప్రతిపాదించారు. మరుసటి ఏడాది ఆ నిధికి కాన్సస్ సిటీ క్లబ్బు పంపిన తొలి విరాళం 26 డాలర్ల 50 సెంట్లు. అదే నేటి రోటరీ ఫౌండేషన్‌కు మొదటి చినుకు. 1947లో పాల్ హారిస్ మరణించాక ఆయన స్మృతిలో విరాళాలు వెల్లువెత్తాయి. వెయ్యి డాలర్లు ఇచ్చినవారికి ఆయన పేరిట కృతజ్ఞత తెలిపే గుర్తింపు 1957లో మొదలైంది.

కాబట్టి పాల్ హారిస్ ఫెలో అంటే విరాళానికి చెప్పే ధన్యవాదం. తన చేతులతో ఇచ్చినవారికైనా, ఎవరి పేరిట మరొకరు ఇచ్చారో వారికైనా ఆ ధన్యవాదం చెందుతుంది. వార్షిక నిధికో, పోలియో నిర్మూలన కార్యక్రమమైన పోలియోప్లస్‌కో, ఆమోదం పొందిన ఫౌండేషన్ గ్రాంటుకో ఇచ్చిన ప్రతి డాలరుకూ దాతకు ఒక గుర్తింపు పాయింటు జమ అవుతుంది. శాశ్వత నిధికి ఇచ్చినదానికి మాత్రం ఈ పాయింట్లు రావు. కనీసం వంద పాయింట్ల చొప్పున వాటిని మరొకరికి బదిలీ చేయవచ్చు, ఆ మరొకరు రొటేరియన్ కానవసరం లేదు. మన దగ్గర కొన్ని క్లబ్బులు ఈ వీలును చాలా అందంగా వాడుకుంటున్నాయి. శ్మశానవాటికను ఏళ్ళుగా శుభ్రంగా ఉంచుతున్న కాపరినో, జీతంతో పనిలేకుండా సాయంత్రాలు పిల్లలకు చదువు చెప్పే విశ్రాంత ఉపాధ్యాయురాలినో క్లబ్బు పాయింట్లతో పాల్ హారిస్ ఫెలోను చేయడం నాకు తెలుసు. అయితే పాయింట్లు బదిలీ అయినంత మాత్రాన విరాళం బదిలీ కాదు. గుర్తింపుగా ఇచ్చే పిన్ను (బ్యాడ్జి) అందుకున్న వ్యక్తి ఖాతాలో ఆ డబ్బు చేరదని క్లబ్బు కోశాధికారులు గుర్తుంచుకోవాలి.

సదస్సు వేదిక మీద ఈ గుర్తింపును ప్రకటించేటప్పుడు ‘సేవా పురస్కారం’ అని చదివితే రెండు నష్టాలు జరుగుతాయి. దాత ఇచ్చింది దాతృత్వం, దానికి దక్కవలసిన గౌరవం ఆ పేరుతోనే దక్కాలి. మరోపక్క ఏడాదంతా వాగులు దాటి గిరిజన తండాలకు వైద్యులను తీసుకెళ్ళిన సభ్యుడు, తనకు రాని ‘సేవా పురస్కారం’ మరొకరికి చెక్కు రాసినందుకు వచ్చిందనుకుని మనసు కష్టపెట్టుకుంటాడు. వ్యాఖ్యాత చేతికిచ్చే కాగితంలో ఒక్క వాక్యం సరిగ్గా రాస్తే ఈ రెండూ తప్పుతాయి.

అపోహ: ఆ వెయ్యి డాలర్లు సదస్సు ఖర్చులకో, అమెరికాలోని కార్యాలయానికో పోతాయి.

వాస్తవం: సదస్సు నడిచేది రిజిస్ట్రేషన్ రుసుములతోనూ, స్పాన్సర్లు ఇచ్చిన సొమ్ముతోనూ. ఫౌండేషన్ విరాళం ఆ ఖాతాలోకి రానే రాదు. వార్షిక నిధికి జిల్లా పంపిన మొత్తాన్ని ఫౌండేషన్ మూడేళ్ళు పెట్టుబడిగా ఉంచి, తరువాత అందులో దాదాపు సగాన్ని జిల్లా వాడుకునే నిధిగా తిరిగి కేటాయిస్తుంది. మిగతాదానిలో అధిక భాగం ప్రపంచ నిధిలో చేరి, పెద్ద ప్రాజెక్టులకు జతగా అందుతుంది. ఒక గ్లోబల్ గ్రాంటు ప్రాజెక్టు బడ్జెట్ కనీసం 30,000 డాలర్లు ఉండాలి, వేర్వేరు దేశాలకు చెందిన క్లబ్బులు గానీ రోటరీ జిల్లాలు గానీ అందులో భాగస్వాములు కావాలి. మన ప్రభుత్వ ఆసుపత్రుల్లో రోటరీ చక్రం గుర్తుతో కనిపించే డయాలిసిస్ యంత్రాల్లో కొన్ని ఇలాంటి గ్రాంట్ల ఫలితాలే. అంటే మీ ఊరికి ఈ ఏడాది వచ్చిన యంత్రంలో, మూడేళ్ళ కిందట ఎవరో కట్టిన వంద డాలర్లు కూడా ఉండవచ్చు. పోలియోప్లస్ విరాళాలు ఈ పద్ధతిలో తిరిగి రావు, అవి పోలియో నిర్మూలనకే వెళ్తాయి. 1985లో ఆ ఉద్యమాన్ని మొదలుపెట్టినప్పుడు మన దేశంలో పోలియో అంతమవుతుందని నమ్మినవారు తక్కువ. 2011 జనవరి 13న పశ్చిమ బెంగాల్‌లోని హౌరాలో ఒక పాపకు బయటపడిన కేసే దేశంలో చివరిది. 2014 మార్చి 27న మన దేశంతో సహా ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కలోని ఆగ్నేయాసియా ప్రాంతం మొత్తం పోలియో రహితమని ధ్రువపత్రం వచ్చింది.

అపోహ: రోటరీ అత్యున్నత సేవా పురస్కారం కూడా గవర్నరు ఇష్టప్రకారం సదస్సులో ఇచ్చేదే.

వాస్తవం: జిల్లా స్థాయి పురస్కారాలు జిల్లా నిర్ణయించుకుంటుంది. వ్యక్తిగత సేవకు రోటరీ ఇచ్చే అత్యున్నత గుర్తింపు, మన నినాదమైన ‘సర్వీస్ అబవ్ సెల్ఫ్’ (స్వార్థం కన్నా సేవ మిన్న) పేరిట ఉన్న పురస్కారం, వేరు. ప్రపంచం మొత్తం మీద ఏడాదికి 150 మందికి మించి దీన్ని ఇవ్వరు, ఒకరికి జీవితకాలంలో ఒక్కసారే లభిస్తుంది. స్వయంగా శ్రమించి చేసిన మానవతా సేవనే ఇందులో చూస్తారు, ఎంత విరాళమిచ్చారన్నది కొలమానం కాదు. నామినేషన్ రాసేవారు ‘ఎన్నో సేవలు చేశారు, అందరి మన్ననలూ పొందారు’ వంటి వాక్యాలతో పేజీ నింపడమే మన దగ్గర పెద్ద లోపం. ఏ ఊరిలో, ఎవరికోసం, తన చేతులతో ఏం చేశారు, దాని వల్ల ఎవరి జీవితంలో ఏం మారింది అన్నవి రాయకపోతే, అర్హుడైన మనిషి కూడా ఆ కాగితాల్లో కనిపించడు.

అపోహ: వేదిక మీద ఎంత ఎక్కువమందిని సత్కరిస్తే అంత ప్రోత్సాహం.

వాస్తవం: దీని మీద నాకు గట్టి అభిప్రాయమే ఉంది. మూడు గంటల పాటు పేరు, శాలువా, జ్ఞాపిక, ఫొటో అన్న వరుసలో సాగే కార్యక్రమంలో ఎవరికీ నిజమైన గౌరవం అందదు. ఫొటో దిగినవారు దిగినట్టే హాలు దాటి వెళ్ళిపోతుంటారు, చివర్లో పిలుపు అందుకునే చిన్న క్లబ్బు అధ్యక్షురాలికి చప్పట్లు కొట్టేందుకు ఖాళీ కుర్చీలే మిగులుతాయి. విరాళాల గుర్తింపులను ఒక పూటకు, సేవా పురస్కారాలను మరొక పూటకు విడదీయడం, ముఖ్యమైన నాలుగైదు ప్రాజెక్టులకు రెండేసి నిమిషాల దృశ్యాలు చూపించి ఆ సభ్యులను పేరుపేరునా పిలవడం, మిగతావారికి వారి వారి క్లబ్బు సమావేశంలోనే కుటుంబ సభ్యుల ముందు పిన్ను అలంకరించడం ఎంతో మేలు. సొంత ఊరిలో, తనను రోజూ చూసేవాళ్ళ ఎదుట దక్కే గౌరవం చాలామందికి పెద్ద వేదిక కన్నా ఎక్కువ.

ఇందులోనే పేర్ల సంగతి ఒకటి ఉంది. ఫౌండేషన్ నుంచి వచ్చే ధ్రువపత్రం మీద పేరు రోటరీ రికార్డులో ఉన్నట్టే అచ్చవుతుంది. మన పేర్లలో ఇంటిపేరు ముందు వస్తుంది, చాలామంది దాన్ని ఒక్క పొడి అక్షరంగానే రాస్తారు. సభ్యత్వ ఫారంలో చివరి పేరు గడి దగ్గరికి వచ్చేసరికి ఒకరు ‘రావు’ అని, మరొకరు తండ్రి పేరు అని, ఇంకొకరు ఉత్త పొడి అక్షరమని నింపేస్తారు. వేదిక మీద వేరొక పేరున్న కాగితం అందుకున్న పెద్దాయన ముఖం ఎలా ఉంటుందో నేను చూశాను. సదస్సుకు కనీసం రెండు నెలల ముందు, ప్రతి గ్రహీత పేరునూ ఆయన ఆధార్‌లో ఎలా ఉందో, పిలిచేటప్పుడు ఎలా పలకాలో ఆయననే అడిగి రాసుకోవడం కార్యదర్శి చేయగల గొప్ప మర్యాద.

అపోహ: సదస్సు స్థాయి ముఖ్య అతిథి హోదాను బట్టి ఉంటుంది, కనుక మంత్రో సినీనటుడో రావాలి.

వాస్తవం: సదస్సుకు అసలైన అతిథి రోటరీ అంతర్జాతీయ అధ్యక్షుడి ప్రతినిధి. వేరే జిల్లా నుంచి సాధారణంగా జీవిత భాగస్వామితో సహా వచ్చే ఆ ప్రతినిధి, అధ్యక్షుడి సందేశాన్ని వినిపించి, జిల్లా పనితీరును గమనించి వెళ్తారు. మంత్రిగారు ఆలస్యమయ్యారని ఆ ప్రతినిధి ప్రసంగాన్ని కుదించడం మర్యాద కాదు.

అపోహ: వచ్చే గవర్నరును సదస్సులోనే ఎన్నుకుంటారు, కాబట్టి అక్కడ ప్రచారం చేసుకోవడం సహజం.

వాస్తవం: బాధ్యత చేపట్టడానికి 24 నుంచి 36 నెలల ముందే గవర్నరు ఎంపిక జరగాలి. నామినేటింగ్ కమిటీ ద్వారా, క్లబ్బుల బ్యాలెట్ ద్వారా, లేదా సదస్సులో ఓటింగు ద్వారా, ఏదో ఒక పద్ధతిని జిల్లా అనుసరిస్తుంది. చాలా జిల్లాలు కమిటీ పద్ధతినే పాటిస్తాయి. పద్ధతి ఏదైనా, ప్రచారం చేయడం, ఓట్లు అడగడం, మరొకరితో అడిగించడం రోటరీ నియమావళి నిషేధించిన పనులు. హోటలు గదుల్లో విందులిచ్చి మద్దతు కూడగట్టడాన్ని ‘ఫెలోషిప్’ అని పిలిచినంత మాత్రాన అది నియమాలకు లోబడదు.

అపోహ: లక్ష్యాలు సాధించిన క్లబ్బుకు రోటరీ ఏటా ఇచ్చే గుర్తింపు పెద్ద క్లబ్బులకే వస్తుంది.

వాస్తవం: క్లబ్బు తన లక్ష్యాలను తానే ఎంచుకుని రోటరీ ఆన్‌లైన్ వ్యవస్థలో నమోదు చేసి, వాటిని సాధించినట్టు అక్కడే చూపాలి, చందా బకాయి ఉండకూడదు. ఇరవై మంది ఉన్న క్లబ్బుకూ, రెండువందల మంది ఉన్న క్లబ్బుకూ ఇదే నియమం. సదస్సులో జ్ఞాపిక అందుకుని, ఆన్‌లైన్‌లో నమోదు మరిచిపోయి ఆ గుర్తింపు పోగొట్టుకున్న మంచి క్లబ్బులు ప్రతి ఏడూ కనిపిస్తాయి. సదస్సు తరువాత కూడా పని చాలానే ఉంటుంది. ఇస్తామని వేదిక మీద ప్రకటించిన విరాళం జూన్ 30 లోగా ఫౌండేషన్ ఖాతాకు చేరితేనే ఆ సంవత్సరం లెక్కలోకి వస్తుంది. డాలరు విలువను రోటరీ ప్రతి నెలా ప్రకటించే మారకపు రేటు ప్రకారం కడతారు కనుక, చెక్కు రాసే ముందు ఆ నెల రేటు చూసుకోవాలి. కొద్ది రూపాయలు తగ్గితే వెయ్యి పాయింట్లు పూర్తికాక, ఆ పిన్ను రావడం ఆలస్యమవుతుంది.