షుగర్ ఉన్నవారికి టీకా వద్దని ఎవరు చెప్పారు?

నెల కిందట మా ఆరోగ్య ఉపకేంద్రానికి మాత్రల కోసం వచ్చిన ఒక పెద్దాయన, మళ్లీ ఎప్పుడైనా కరోనా లాంటి మహమ్మారి వస్తే తనను మాత్రం టీకాకు పిలవవద్దని ముందుగానే చెప్పి పెట్టారు. కారణం అడిగితే, "షుగరూ బీపీ రెండూ ఉన్నాయి కదమ్మా" అన్నారు. 2021లో ప్రకాశం జిల్లా తీరపల్లెల్లో ఏఎన్ఎంగా ఇంటింటికీ తిరుగుతూ నేను విన్న మాట అక్షరం పొల్లుపోకుండా ఇదే. కరోనా ఎవరిని ఎక్కువగా ఆసుపత్రి పాలు చేసిందో సరిగ్గా వారినే టీకాకు దూరం చేసింది కనుక, అన్ని అపోహల్లోకీ ఎక్కువ నష్టం చేసినది ఇదేనని నా అభిప్రాయం.

ఆ ఏడాది జనవరి 16న ఆరోగ్య సిబ్బందితో టీకాలు మొదలయ్యాయి. మార్చి 1 నుంచి 60 దాటినవారికీ, 45 నుంచి 59 ఏళ్లవారిలో దీర్ఘకాలిక జబ్బులు ఉన్నవారికీ వేశాం. ఈ రెండో వర్గంవారు జబ్బు ఉన్నట్లు డాక్టరు ధ్రువపత్రం తేవలసి ఉండేది. జబ్బు లేని 45 ఏళ్లవారు ఏప్రిల్ 1 వరకూ, 18 దాటినవారు కనీసం మే 1 వరకూ ఆగవలసి వచ్చింది. జబ్బున్నవారిని ముందు నిలబెట్టిన ఆ జాబితా, ఊళ్లోకి వచ్చేసరికి ఎలా తలకిందులైందో నాకు కొంత తెలుసు. సూదికి ముందు ప్రతివారినీ జబ్బుల గురించీ, వాడే మందుల గురించీ అడిగేవాళ్లం. జ్వరంతో వచ్చినవారిని తగ్గాక రమ్మనేవాళ్లం. చూసినవారు జబ్బుంటే తిప్పి పంపుతున్నారనుకున్నారు. నిజానికి మేము ఆపేసింది మొదటి మోతాదుకు తీవ్రమైన ఎలర్జీ వచ్చినవారిని. రక్తం పలుచబడే మాత్రలు వాడేవారికైతే సూది వేసిన చోట కాస్త ఎక్కువసేపు అదిమి పట్టుకొమ్మని చెప్పేవాళ్లం. టీకాకని షుగర్ మాత్రలు మానేసి వచ్చినవారిని చూస్తే మాత్రం నాకు భయం వేసేది.

ఇక మిగిలిన అపోహలు. కోవాగ్జిన్ టీకాలో ఉన్నది నిర్జీవ వైరస్, కోవిషీల్డ్ టీకాలోని వాహక వైరస్‌కు (కరోనాను గుర్తుపట్టే సమాచారాన్ని శరీరంలోకి మోసుకెళ్లే వేరే వైరస్‌కు) శరీరంలో పెరిగే శక్తి లేదు. రెండింటివల్లా కరోనా రాదు. టీకా వేయించుకుంటే పిల్లలు పుట్టరన్నది ఉత్త పుకారు. ఆ జులై నుంచి గర్భిణులకు కూడా వేశాం. కోవిషీల్డ్ తర్వాత బహు అరుదుగా రక్తం గడ్డకట్టే సమస్య వచ్చిన మాట నిజమే, దాచవలసిన అవసరం లేదు. ఆ మే నెలలో ఆనందయ్య ఇచ్చిన నాటు మందు కోసం నెల్లూరు జిల్లా కృష్ణపట్నం దారి పట్టిన వేలాదిమందిని నేను ఎగతాళి చేయను, పడక దొరకదన్న భయం అలాంటిది. ఆ మందు ఉండగా టీకా ఎందుకన్నవారితోనే నా పేచీ.

అప్పట్లో కోవిషీల్డ్ సీసా తెరిస్తే 10 మోతాదులు, 4 గంటల్లో అయిపోవలసి ఉండేది. ఒకరోజు తొమ్మిది వేశాక, భర్తకు తోడుగా వచ్చిన ఒక పెద్దావిడ వరండాలోనే కూర్చుని, షుగరుందని లోపలికి రానన్నారు. పైన రాసినవన్నీ చెప్పాను, వినలేదు. కాసేపటికి ఆవిడే లేచి వచ్చి, "వచ్చే నెల అమ్మాయి కాన్పుకు వస్తుందమ్మా, బిడ్డకు నీళ్లు పోసేది నేనే, నా వల్ల అంటుకోదు గదా?" అని అడిగారు. అసలు అంటదని మాట ఇవ్వలేననీ, ఆ ముప్పు తగ్గుతుందనీ, నీళ్లు పోయడానికి ఆవిడ ఆరోగ్యంగా ఉండటమూ ముఖ్యమేననీ చెప్పాను. రవిక చేయి పైకి మడిచారు. పదో మోతాదు ఆవిడదే.